ఎక్కువ కాళ్ళున్నవాళ్ళు ఆగాలి

ఆయన పోయాడన్న సంగతి నాకు మా సైకిల్ గ్రూపు వాట్సాప్‌లో తెలిసింది. ఆయన ఫొటో ఎవరి దగ్గరా లేదు. ఎప్పుడో తీసిన తెల్లగుర్రం ఫొటో ఒకటి పెట్టి, కింద ‘గుర్రం తాత ఇక లేరు, ఓం శాంతి’ అని రాశారు. దాని కింద వరసగా దండాల బొమ్మలు. చివర్లో మా బావమరిది. ‘మన గట్టుకి తీరని లోటు’ అన్నాడు వాడు.

తీరని లోటట! ఆ మనిషిని ఆ గట్టు మీంచి దింపిందెవరురా అని అడగాలనిపించింది. ఫోను బల్ల మీద విసిరికొట్టాను. యూరియా కోసం వచ్చిన రైతు ఉలిక్కిపడి, “ఏమైందండీ షావుకారు గారూ?” అన్నాడు. “ఏం లేదు, ఎన్ని బస్తాలు?” అన్నాను. నా బతుకంతా ఇంతే. లోపల కుతకుత ఉడుకుతుంటుంది, నోరు మాత్రం ఎన్ని బస్తాలని అడుగుతుంది.

ఆయన పేరు ఇక్కడ రాయను. బతికున్నన్నాళ్ళూ ఎవరూ పేరుపెట్టి పిలిచిన పాపాన పోలేదు, ఇప్పుడు నేను రాసి ఉద్ధరించేదేముంది? ఊళ్ళోవాళ్ళు గుర్రమాయన అనేవారు. మేం గుర్రం తాత అనేవాళ్ళం. తెల్ల ఆడగుర్రం ఒకటి ఉండేది ఆయనకి. పెళ్ళిళ్ళ సీజన్లో దాన్ని గూడెం టౌన్లో కల్యాణమంటపాలకి తోలుకొచ్చేవాడు. ఆయన ఊరికీ గూడేనికీ మధ్య నాలుగైదు మైళ్ళు. పెద్ద కాలవలోంచి చీలి కొల్లేటి వైపు దిగే పిల్లకాలవ ఉంది, దాని గట్టే ఆయనకీ గుర్రానికీ దారి.

మేం ఎవరమో కూడా చెప్పాలి. నాకు గూడెం మార్కెట్ యార్డు దగ్గర ఎరువుల కొట్టుంది. ఓ ఏడు డాక్టరు సుగర్ అన్నాడు, నడవమన్నాడు. నడిస్తే మోకాళ్ళు నొప్పులన్నాను. మా ఆవిడ తమ్ముడు సైకిల్ తొక్కమన్నాడు. వాడికి గుర్రమాయన ఊళ్ళోనే చేపల చెరువులున్నాయి. నీటి సంఘానికి అధ్యక్షుడు, మా సైకిల్ సంఘానికీ వాడే అధ్యక్షుడు. తను అధ్యక్షుడు కాని సంఘంలో వాడు చేరడు. గేర్లూ, లావు టైర్లూ ఉన్న సైకిలు నా చేత కొనిపించాడు. కొండలెక్కే సైకిలట. “మన డెల్టాలో కొండెక్కడుందయ్యా?” అంటే, “గట్టుంది కదా బావా!” అన్నాడు.

అలా ప్రతి ఆదివారం పొద్దున్నే హెల్మెట్లు పెట్టుకుని, రంగురంగుల చొక్కాలేసుకుని, ఆ గట్టు మీద పడేవాళ్ళం. కొల్లేరు దాకా వెళ్ళడం, గూడబాతుల్తో ఫొటోలు దిగడం, ఏలూరులో ఇడ్లీ తిని వెనక్కి రావడం. ప్రకృతి ప్రేమికులం మరి!

మొదటిసారి ఆయన్ని మలుపులో చూశాను. గట్టు అక్కడ సన్నం. ఎదురుగా గుర్రం. ఆయన దాని మీద లేడు, పగ్గం పట్టుకుని ముందు నడుస్తున్నాడు. మా ముందున్నవాడు బెల్లు మోగిస్తూ “సైడ్, సైడ్!” అని అరిచాడు. ఆయన గుర్రాన్ని కాలవ వైపు అంచుకి జరిపి, దాని మెడ మీద చెయ్యేసి నిలబడ్డాడు.

“జరగండమ్మా, జరగండి. షావుకార్లు వస్తన్నారు” అన్నాడు.

గుర్రంతో అన్నాడు ఆ మాట. గోదావరి జిల్లా మర్యాద గురించి వినడం వేరు, గుర్రాన్ని మీరు అనే మనిషిని చూడడం వేరు. మా వాళ్ళు కిలోమీటరు దూరం నవ్వుకుంటూ పోయారు. నేనూ నవ్వాను. తర్వాత తర్వాత తెలిసింది, కోపం వస్తే మాత్రం గుర్రాన్ని నువ్వు అంటాడని. “ఏంటి నువ్వు? పెద్దదానివి కాదూ?” అనేవాడు. అది చెవులు వెనక్కి పెట్టుకుని, తప్పు చేసిన పిల్లలా నేలచూపులు చూసేది.

“మీరెప్పుడూ ఎక్కరేంటండీ?” అని ఓ రోజు అడిగాను.

“పెళ్ళికొడుకులు కూర్చునే పీట కదండీ అది. నేనెక్కితే ఏం బావుంటదండి?” అన్నాడు.

నేను బ్యాచికి వెనకబడేవాణ్ణి. నా బరువుకి అంతకన్నా వేగం రాదు. అందుకే మిగతావాళ్ళకి లేని అవకాశం నాకు వచ్చింది, ఆయనతో మాట్లాడ్డం. ఆయన నడక నెమ్మది, నా తొక్కుడు నెమ్మది, రెండూ కలిసిపోయేవి. మిగతావాళ్ళకి ఆయన అడ్డం. నాకు ఆయన సాకు.

గట్టు మీద ఆయన చేసే పని ఒకటుండేది. గుర్రం పది అడుగులేస్తే ఆగేవాడు. వెనక్కి తిరిగి, దాని డెక్కలు దిగిన గుంటలు చూసుకునేవాడు. గుర్రం వీపు మీద వేలాడే గోనెసంచిలోంచి గుప్పెడు ఎండుమట్టి తీసి గుంటలో పోసి, మడమతో ఓ తొక్కు తొక్కి, దిమ్మిసతో రెండు దెబ్బలు వేసేవాడు. దిమ్మిస అంటే ఇళ్ళల్లో నేల చదును చేసేదే. తుమ్మమొద్దుకి కర్ర బిగించి తనే చేసుకున్నాడు. ఒక తొక్కు, రెండు దెబ్బలు. మళ్ళీ పది అడుగులు. నాలుగు మైళ్ళూ ఇలాగే! ఎంతసేపు పడుతుందో లెక్కేసుకోండి. నాకైతే చూసి చూసి చిరాకొచ్చేది.

“ఎవరు చెయ్యమన్నారండీ ఇదంతా?”

“మనం తొక్కింది మనమే పూడ్చుకోవాలి కదండీ. ఇంకోళ్ళ కాలు మడతపడితే?”

ఆయనకి ఇంకో సూత్రం ఉండేది. గట్టు మీద ఇద్దరు ఎదురైతే ఎవరు ఆగాలి? దానికి మా సంఘంలో నియమావళి ఉంది, బావమరిది ఇంటర్నెట్‌లోంచి దింపి అందరికీ పంపాడు. ఎవరూ చదవలేదు, వాడితో సహా. ఆయన మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశాడు.

“ఎవరికి కాళ్ళెక్కువుంటే వాళ్ళు ఆగాలండి. నడిచేవాళ్ళకి రెండు. మీకు రెండు కాళ్ళూ రెండు చక్రాలూ, నాలుగు. మాకు ఆరు. కాబట్టి మేం ఆగాలి. నడిచేవాళ్ళొస్తే మీరాగాలి.”

“చక్రాలు కాళ్ళెలా అవుతాయండీ?”

“కాలికంటే ఎక్కువే కదండీ చక్రం. కాలు ఆగమంటే ఆగుద్ది. చక్రం ఆగుద్దేటండి?”

అలా అందరికంటే పెద్దవాడు, అందరికంటే ఎక్కువ హక్కున్నవాడు, ఆ గట్టు మీద అందరికీ దారిచ్చేవాడు. గడ్డిమోపుతో వచ్చే ఆడవాళ్ళకి ఆగేవాడు. బడికి పోయే ఆడపిల్లలకి ఆగేవాడు. మాకు ఆగేవాడు. మేం ఎవరికీ ఆగేవాళ్ళం కాదు. గడ్డిమోపుతో ఉన్న మనిషి చేలోకి దిగితే, పైనుంచి “థాంక్యూ అమ్మా” అని అరిచి పోయేవాళ్ళం. థాంక్యూ అంట! ఆవిడేదో మాకు సలాం కొట్టడానికి దిగినట్టు.

వాన పడ్డాక ఆయన గట్టెక్కేవాడు కాదు. ఊరి చివర, గట్టు మొదట్లో నిలబడి, మడమతో గట్టిగా ఒక్క తొక్కు తొక్కి కాలు తీసేవాడు. ఆ గుంటలో నీటి మెరుపు కనిపిస్తే అంతే, గుర్రాన్ని వెనక్కి తిప్పేవాడు. “ఇవాళ వద్దండమ్మా, గట్టుకి ఒంట్లో బాలేదు” అనేవాడు. అది నల్లమట్టి. తడిస్తే వెన్న, ఎండితే ఇనుము. తడిమీద ఏం రాస్తే ఎండాక అదే ఉంటుంది. అటువంటి రోజుల్లో పెళ్ళి ఒప్పుకునేవాడు కాదు. ఒప్పుకున్నాక వానొస్తే, ఎవరిదో చిన్న వ్యాను బతిమాలి అందులో తీసుకెళ్ళేవాడు.

ఓ రోజు గట్టు మీద గొంతుక్కూర్చుని, నాకు పాఠం చెప్పాడు. పక్కపక్కనే రెండు గుర్తులున్నాయి. ఒకటి గేదె గిట్ట దిగిన గుంట, లోతుగా, అసహ్యంగా. ఇంకోటి సైకిల్ చక్రం గీసిన గాడి, సన్నగా, నాజూగ్గా.

“ఈ రెంటిలో గట్టుకి ఏది చెరుపండి, షావుకారు గారూ?”

“గుంటే. కనిపించడంలా?”

“అందరూ అదే అంటారండి. గుంటలో నీళ్ళు నిలబడతాయి. నిలబడి నిలబడి ఎండిపోతాయి. గాడిలో నీళ్ళు నడుస్తాయి. నడిచే నీళ్ళేనండి గట్టుని తినేసేది.”

నేను విన్నాను. అర్థమైంది కూడా. ఇది ఇక్కడ ఎందుకు రాస్తున్నానంటే, తర్వాత నాకు తెలియదని చెప్పుకోడానికి వీల్లేకుండా.

ఆయనకి మా గాళ్ళన్నీ గుర్తే. గుర్రం డెక్కలు చూసుకుంటూ బతికిన కళ్ళు కదా. “ఇది మీ అధ్యక్షులుగారిదండి, గవ్వల్లాంటి అచ్చు. ఇది డాక్టరుగారిది, మధ్యలో అరిగిపోయింది. మీదిదిగో, చేపముల్లు” అని వేలితో చూపించాడు. నిజంగానే నా టైరు అచ్చు చేపముల్లులా ఉంటుంది, మధ్యలో వెన్ను, అటూ ఇటూ ముళ్ళు. నేను అంతదాకా ఎప్పుడూ చూసుకోలేదు. గొప్పగా అనిపించింది. నవ్వుకుంటూ ఇంటికెళ్ళి మా ఆవిడతో చెప్పాను.

ఇక ఆ ఆదివారం సంగతి.

శనివారమంతా వాన. నాట్లయిన రోజులు. ఆదివారం పొద్దున తెరిపిచ్చింది. మేం గట్టు మొదటికి చేరేసరికి ఆయన అక్కడ నిలబడి మడమతో తొక్కి చూస్తున్నాడు. పక్కన గుర్రం లేదు. “ఇవాళ వద్దండి. రెండ్రోజులు ఆరనివ్వండి, మళ్ళీ హాయిగా తిరగండి” అన్నాడు.

మా బావమరిది కళ్ళద్దాలు పైకి తోసుకుని, “ఇవి బురదకోసమే చేసిన సైకిళ్ళు తాతా! మీ గుర్రం తొక్కనంత మేం తొక్కుతామా?” అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన నా వంక చూశాడు. నేను గేరు మార్చుకున్నాను.

తూము దగ్గర మలుపులో నా సైకిలు జారింది. బ్రేకు నొక్కాను, వెనక చక్రం బిగుసుకుపోయి, చేను వైపు వాలులోకి అడ్డంగా ఈడ్చుకుంటూ దిగిపోయింది. నేను పడలేదు. సైకిల్ని హ్యాండిలు పట్టుకుని మళ్ళీ పైకి లాగాను. మళ్ళీ జారింది. మళ్ళీ లాగాను. అయ్యాక చూస్తే గట్టుకి అడ్డంగా, కాలవ అంచు నుంచి చేను వాలు దాకా, జానెడు లోతున గాడి. “మట్టేసి తొక్కుదామా?” అన్నాను. “ఎండితే అదే సర్దుకుంటుంది, రా బావా, ఇడ్లీ అయిపోద్ది” అన్నాడు వాడు. ఇడ్లీ అయిపోద్దని పోయాను నేను. ఇంతకన్నా పెద్ద కారణం ఏమీ లేదు. ఉంటే రాసేవాణ్ణి.

సోమవారం తెల్లారేసరికి కాలవ నిండుగా వచ్చింది. ఆ మలుపులోనే గండి పడింది. ఒక కౌలురైతు నాట్లు రెండెకరాలు నీళ్ళపాలయ్యాయి.

బావమరిది ఫోను చేస్తే వెళ్ళాను. అప్పటికే ఊరంతా అక్కడుంది. కౌలురైతు గట్టు మీద కూర్చుని తల పట్టుకున్నాడు. గండి అంచున గొంతుక్కూర్చుని గుర్రమాయన నేలలోకి చూస్తున్నాడు. నేనూ చూశాను. గండి కోసుకుపోగా మిగిలిన ముక్క మీద, జానెడు మేర, చేపముల్లు అచ్చు. అప్పుడే వేసిన ముగ్గులా స్పష్టంగా ఉంది.

ఇసకబస్తాలు వచ్చాయి. అందరికంటే ముందు నేను ప్యాంటు మడుచుకుని బురదలోకి దిగాను. మొదటి బస్తా నేనే మోశాను. ఎక్కడ వెయ్యాలో నాకు తెలుసు, అక్కడే వేశాను. “చూడండ్రా, షావుకారు గారంతటి మనిషి దిగారు!” అన్నారెవరో. బస్తా వేసి తలెత్తితే ఆయన నన్నే చూస్తున్నాడు. కోపంగా కాదు. గుంటలో నీటి మెరుపు ఉందా లేదా అని చూస్తాడే, అలాగ.

సాయంత్రం పంచాయతీ అరుగు మీద మీటింగు. గండి ఎందుకు పడింది? ఎవరి నోట మొదట వచ్చిందో గానీ, గుర్రం అన్నారు. అంత బరువు జంతువు రోజూ తొక్కుతుంటే పడదా? గుంటలు మేం చూడలేదా? చూశారు, నిజమే. ఆయన రోజూ పూడుస్తుంటే చూసి, అన్ని పూడ్చాడంటే అన్ని గుంటలు పడ్డట్టే కదా అని లెక్కేశారు. పూడ్చడమే నేరానికి రుజువైంది. పూడ్చకుండా పోయే మా గాళ్ళు ఎవరి కంటా పడలేదు. ఇంత తెలివైన జనం ఇంకెక్కడైనా ఉంటారా?

ఆయన లేచి, చేతులు కట్టుకుని ఒక్కటే మాట అన్నాడు. “వానలో నేను గుర్రాన్ని గట్టెక్కించనండి. శని, ఆది రెండ్రోజులూ అది పాకలోనే ఉంది.”

“చూసినవాళ్ళున్నారా?” అన్నాడు మా బావమరిది, నీటి సంఘం అధ్యక్షుడి హోదాలో.

ఆయన నా వంక చూశాడు. అరుగు మీద మూడో కుర్చీలో ఉన్నాను నేను. ఆదివారం పొద్దున గట్టు మొదట్లో ఒంటరిగా నిలబడి, వద్దండి అన్న మనిషిని చూసినవాణ్ణి. నడిచే నీళ్ళ పాఠం విన్నవాణ్ణి. బస్తా కింద ఏముందో తెలిసినవాణ్ణి. నోరు తెరవాలి. ఎంతసేపు పడుతుంది? ‘ఆ గాడి నాదండి’ అనడానికి ఎంతసేపు?

కౌలురైతు అప్పుడే, “నా కొంప ముంచింది ఎవరో తేల్చండి బాబూ” అన్నాడు. బావమరిది నా మోకాలు మీద చెయ్యేసి నెమ్మదిగా నొక్కాడు. వాడికీ తెలుసు. అటుపైన ఇంట్లో ఆవిడ, ఊళ్ళో పరువు, కొట్టు, ఇవన్నీ ఆ చేతి బరువులో ఉన్నట్టు అనిపించింది. సాకులు! పిరికివాడికి మోకాలు మీద చెయ్యి చాలు.

గుర్రాన్నీ, పశువుల్నీ గట్టు మీదికి రానివ్వకూడదని తీర్మానించారు. గట్టు మొదట్లో బోర్డు పెట్టాలన్నారు. నేను పెట్టిస్తానన్నాను. అవును, నేనే. ఏదో ఒకటి మాట్లాడకపోతే ఊపిరాడేలా లేదు, ఆ మాట వచ్చింది. ‘గట్టుపై గుర్రములు, పశువులు నిషేధము’ అని ఎర్రరంగులో, కింద సౌజన్యం అని మా కొట్టు పేరు. మొన్ననే గునపం పట్టుకెళ్ళి దాన్ని పీకేశాను. పీకి ఏం ఒరగబెట్టానట? ఆ దారిన నడవడానికి ఇప్పుడు గుర్రం ఎక్కడుంది?

గట్టు మీద దారి పోయాక ఆయనకి మిగిలింది హైవే. ఆ గుర్రానికి లారీలంటే భయం. ఒకరోజు కార్లో ఏలూరు వెళుతూ సర్వీసు రోడ్డు మీద వాళ్ళిద్దర్నీ చూశాను. గుర్రం కళ్ళ మీద తన తువ్వాలు కట్టాడు. దాని చెవి దగ్గర నోరు పెట్టి ఏదో చెబుతూ నడిపిస్తున్నాడు. వెనకనుంచి లారీ హారన్ కొట్టింది. గుర్రం ముందరి కాళ్ళెత్తింది, ఆయన పగ్గంతో పాటు గాల్లోకి లేచి మోకాళ్ళ మీద పడ్డాడు. లేచి ముందు దాని కాళ్ళు తడిమాడు, తర్వాత తన మోకాలు. ఇదంతా కారద్దంలో చూశాను. ఆపలేదు. ఏసీ కొంచెం పెంచుకున్నాను.

ఆ ఏడు మాఘమాసం పెళ్ళిళ్ళయ్యాక, గుర్రాన్ని తణుకు వైపు బ్యాండు మేళం వాళ్ళకి ఇచ్చేశాడు. అది వ్యానెక్కనని మొరాయిస్తే, జీవితంలో మొదటిసారి దాన్ని కొట్టాడట. కొట్టి, “ఎక్కండమ్మా” అన్నాడట. నువ్వు అనలేదట ఆ వేళ.

ఇక గట్టు మీదికి రాడనుకున్నాను. వచ్చాడు. గుర్రం లేదు, దిమ్మిస ఉంది. గోనెసంచి తన భుజానికే తగిలించుకున్నాడు. ఇప్పుడు పూడ్చేవి మా గాళ్ళు. అధ్యక్షులుగారి గవ్వలు, డాక్టరుగారి అరుగుడు, నా చేపముల్లు. గాడిని ఊరికే మట్టితో నింపేవాడు కాదు. జానెడుకో చోట అడ్డంగా గట్టిగా దిమ్మిస వేసి, నీళ్ళు నడవకుండా కట్టలు వేసేవాడు. ఒక తొక్కు, రెండు దెబ్బలు. మా వాళ్ళు “థాంక్స్ తాతా, సూపర్!” అని బొటనవేలెత్తి చూపిస్తూ, ఆ తడి కట్టల మీదుగానే పోయేవాళ్ళు. ఒకసారి సంఘం తరఫున ఆయనకి శాలువా కప్పుదామన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. “ఎందుకయ్యా శాలువా? చలేస్తోందన్నాడా?” అని గ్రూపులో రాశాను. అందరూ నవ్వుతున్న బొమ్మలు పెట్టారు. నేను వేళాకోళమాడుతున్నాననుకున్నారు.

ఆఖరిసారి మాట్లాడింది కిందటి చలికాలంలో. ఆ మలుపులోనే, తూము దగ్గరే ఎదురయ్యాడు. గట్టు సన్నం. అలవాటు కొద్దీ ఆయన జరుగుతాడని నేను తొక్కుతూనే ఉన్నాను. ఆయన జరగలేదు. మధ్యలో నిలబడ్డాడు, దిమ్మిస ఆనించుకుని. నేను బ్రేకు వేశాను.

“లెక్క మారిందండి షావుకారు గారూ” అన్నాడు నవ్వుతూ. “ఇప్పుడు నాకు రెండే. మీకు నాలుగు. మీరే ఆగాలండి.”

“ఆగానండి” అన్నాను దిగి.

“ఆయ్, ఆగారు.”

ఇద్దరం నిలబడ్డాం. అవతల చేలో కొంగలు. ఆయన తొందరపడలేదు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఎదురుచూస్తున్నాడని నాకు తెలుస్తూనే ఉంది.

“ఆ గండి...” అన్నాను.

“చెప్పండి.”

ఒక్కసారి ఆయన నన్ను నువ్వు అని ఉంటే బావుండును. ఏంటి నువ్వు, పెద్దవాడివి కాదూ, అని ఉంటే నేనూ ఆ గుర్రంలా తల దించుకుని అంతా కక్కేసేవాణ్ణి. ఆయన “చెప్పండి” అన్నాడు. ఎంతో మర్యాదగా. అంతలో ముందునుంచి బావమరిది కేక, “బావా! ఎక్కడ చచ్చావ్?” అని. “మళ్ళీ మాట్లాడతానండి” అన్నాను. ఆయన పక్కకి తప్పుకుని దారిచ్చాడు. తన లెక్క ప్రకారం తప్పుకోవలసింది ఆయన కాదు.

మళ్ళీ మాట్లాడలేదు. తర్వాత ఎండాకాలం వచ్చింది, వానాకాలం వచ్చింది, వాట్సాప్‌లో దండాలు వచ్చాయి.

పెద్దకార్యానికి మా సంఘం వాళ్ళం అందరం వెళ్ళాం. గట్టు కింద చిన్న ఇల్లు, పక్కన ఖాళీ పాక. పాక గుంజకి ఇంకా పగ్గం వేలాడుతోంది. ఆయన కూతురు అన్నీ తనే చూసుకుంటోంది. మమ్మల్ని మొదటి పంక్తిలో కూర్చోబెట్టారు. వడ్డన మొదలయ్యాక, మా బావమరిది లేచి నాలుగు మాటలు మాట్లాడతానన్నాడు. మైకు లేకపోయినా ఉన్నట్టే మాట్లాడతాడు వాడు.

“చాలా మంచి మనిషండి. పాపం, గుర్రం చేసిన తప్పుకి ఆయనేం చేస్తాడు? ఆ గండి సంగతి మేం ఎప్పుడో మర్చిపోయాం...”

మర్చిపోయాడట! క్షమించేశాడట! విస్తరి ముందు నుంచి లేచి నిలబడ్డాను.

“గుర్రం కాదు” అన్నాను. గొంతు నేననుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. “ఆ గండి గుర్రం వల్ల పడలేదు. ఆ రెండ్రోజులూ గుర్రం పాకలో ఉంది. గట్టుకి అడ్డంగా గాడి కోసింది నా సైకిలు. ఆయన వద్దంటే వినకుండా వెళ్ళాం. నా టైరు అచ్చు గండి అంచున కనబడితే దాని మీద ఇసకబస్తా వేసింది నేను. మీటింగులో నోరు మూసుకున్నదీ నేనే. వీడికీ తెలుసు.”

పంక్తిలో చేతులన్నీ ఆగిపోయాయి. బావమరిది మొహం నల్లబడింది. కౌలురైతు అటు చివర కూర్చున్నాడు, వాడు నన్ను చూస్తూ ముద్ద కలుపుతున్న చేతిని అలాగే పెట్టుకున్నాడు. ఎవరో ఒకరు తిడతారనుకున్నాను. తిడితే బావుండుననుకున్నాను.

ఆయన కూతురు గారెల గిన్నెతో నా ఎదురుగా ఉంది. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

“చేపముల్లు చక్రం. మీదేనని నాన్న ఆ రోజే చెప్పాడండి” అంది. “మరి చెప్పవేంటి నాన్నా అని నేనూ మా ఆయనా ఎంత పోట్లాడామో. ఆయన చెప్తార్లే, మర్యాదస్తులు, మనం తొందరపడితే బావుండదు అన్నాడు. గుర్రాన్ని వ్యానెక్కించిన రోజూ అదే మాట. మొన్న ఆసుపత్రిలో కూడా, షావుకారు గారు వచ్చారా అని అడిగాడండి.”



“కూర్చోండి” అంది ఆవిడ, రెండు గారెలు నా విస్తట్లో వేస్తూ. “అన్నం ముందు నిలబడకూడదు.”

కూర్చున్నాను. తిన్నాను కూడా.